కుటుంబంతో హంపి: మూడు రోజుల ప్రయాణం

హంపికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మంత్రాలయం వెళ్తూనో, గోవా నుంచి తిరిగొస్తూనో దారిలో ఒక పూట హంపికి ఇచ్చేస్తారు. మిట్టమధ్యాహ్నం విఠల గుడి దగ్గర దిగి, రాతిరథం ముందు ఫోటో తీసుకుని, ఎండకు తాళలేక కారెక్కేస్తారు. 1336లో మొదలైన విజయనగర రాజ్యానికి 1565 దాకా రాజధానిగా ఉన్న పట్నం అది. తుంగభద్ర ఒడ్డున బండరాళ్ల మధ్య మైళ్లకొద్దీ పరుచుకుని ఉంటుంది. యునెస్కో 1986లోనే దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని చూడాలంటే మూడు పగళ్లు కావాలి. ఆ మూడింటినీ ఏ వరసలో వాడుకోవాలో తేల్చేవి రెండే: ఎండ, టికెట్.

బయల్దేరే ముందు

దిగాల్సిన స్టేషన్ హొసపేటె. మనవాళ్ల నోట హోస్పేట. అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపు వాళ్లకు హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్, తిరుపతి, కడప వైపు వాళ్లకు కొల్హాపూర్ వెళ్లే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ నేరుగా సరిపోతాయి. రెండూ గుంతకల్లు, బళ్లారి మీదుగానే వెళ్తాయి. రాత్రి ఎక్కితే తెల్లారి దిగొచ్చు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సు తేలిక. సొంత కారైతే రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా వెళ్తారు. గుంతకల్లు దాకా రైల్లో వచ్చినా అక్కడి నుంచి బళ్లారి మీదుగా రోడ్డున 115 కిలోమీటర్లే.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. మార్చి దాటితే పగలంతా కాగిన బండలు పొద్దు గూకినా సెగ కక్కుతూనే ఉంటాయి. వానాకాలంలో ఊరు పచ్చగా ముచ్చటగా ఉంటుంది గానీ, తుంగభద్ర డ్యామ్ గేట్లు ఎత్తితే నది పొంగి పుట్టి (గుండ్రటి బుట్టపడవ), పడవ రెండూ ఆగిపోతాయి. నది ఒడ్డునున్న పురందర మండపం నీళ్లలో మునుగుతుంది. మూడు రోజుల్లో రెండోది శుక్రవారం కాకుండా చూసుకోండి. హంపి పక్కనే ఉన్న కమలాపురం మ్యూజియానికి ఆ రోజు సెలవు.

బస విషయంలో ఒక హెచ్చరిక. నది అవతల విరూపాపుర గడ్డెలో చవక గుడిసెలు దొరుకుతాయని రాసిన పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో వాటిని తొలగించారు. పెద్దవాళ్లుంటే హొసపేటెలో లిఫ్టు ఉన్న హోటలు గానీ, శిథిలాలకు దగ్గరగా ఉండే కమలాపురం గానీ మేలు. హంపి ఊళ్లో మాంసం, మద్యం దొరకవు.

సంచిలో తప్పక ఉండాల్సినవి: నలుగురికి ఆరు లీటర్ల నీళ్లు, టోపీలు, చిన్న టార్చిలైటు, చిల్లర నోట్లు, మనిషికో జత పాత సాక్సులు. సాక్సులెందుకంటే, విరూపాక్ష ఆలయ ప్రాంగణంలోనూ అంజనాద్రి కొండ మెట్ల మీదా చెప్పులు విడిచే నడవాలి. పదకొండు దాటితే ఆ రాయి పెద్దవాళ్ల పాదాలకు బొబ్బలు తెప్పిస్తుంది.

భాష గురించి బెంగ అక్కర్లేదు. హొసపేటె ఉన్న బళ్లారి ప్రాంతం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. హొసపేటె ఆటో స్టాండులో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. పొద్దున్నే హోటల్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జి కనిపిస్తే కర్నూలు, అనంతపురం వాళ్లకు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

మొదటి రోజు: టికెట్ అక్కర్లేని హంపి

గదిలో సామాను పెట్టి పదింటికల్లా విరూపాక్షుడి గుడికి చేరుకోండి. మధ్యాహ్నం గుడి మూసి, సాయంత్రం మళ్లీ తెరుస్తారు. విజయనగరం పుట్టకముందు నుంచీ ఉన్న గుడి ఇది, నేటికీ నిత్యపూజ జరుగుతోంది. తూర్పు గోపురం తొమ్మిది అంతస్తులు, దాదాపు 50 మీటర్లు. లోపలి రంగమండపం శ్రీకృష్ణదేవరాయలు 1510లో తన పట్టాభిషేకం సందర్భంగా కట్టించింది. అక్కడ తల పైకెత్తి చూడాలి. పైకప్పు నిండా రంగుల చిత్రాలు: గిరిజా కల్యాణం, మత్స్యయంత్రాన్ని కొడుతున్న అర్జునుడు, పల్లకీలో ఊరేగుతున్న విద్యారణ్యుడు. మెడ నొప్పెడుతుందనుకుంటే సెల్‌ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి నడుం దగ్గర పట్టుకోండి. పిల్లలకూ అదే ఇష్టం.

గర్భగుడి వెనక కొన్ని మెట్లెక్కితే ఒక చీకటి గది వస్తుంది. దాని గోడలో సన్నటి కంత. ఎదుటి గోడ మీద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. ఇందులో మాయ లేదు. వెలుగు సూటిగానే ప్రయాణిస్తుంది కాబట్టి గోపురం కొన నుంచి వచ్చే కిరణం కంత దాటి కిందికీ, అడుగు నుంచి వచ్చేది పైకీ చేరుతుంది. ఏడో తరగతి పిల్లలు అట్టపెట్టెకు గుండుసూదితో బొక్క పెట్టి చేసే ప్రయోగమే ఇక్కడ గుడి అంత పెద్దదిగా కనిపిస్తుంది. జనం గుమికూడి కంతకు అడ్డం నిలబడితే నీడ పోతుంది. ఒకరు పక్కకు జరిగి, మిగతావాళ్లు గోడవైపు తిరిగి నిమిషంపాటు కళ్లు చీకటికి అలవాటు పడనివ్వాలి. మబ్బు పడితే కనిపించదు.

మధ్యాహ్నం భోంచేసి నిద్రపోండి. ఈ నిద్రను వదులుకున్న కుటుంబాలే రెండో రోజు చతికిలబడతాయి.

మూడున్నరకు ఆటో మాట్లాడుకుని లక్ష్మీనరసింహుడి దగ్గర దిగి, ఆటోను పంపేయండి. అక్కడి నుంచి హేమకూటం మీదుగా మళ్లీ విరూపాక్ష గుడి దాకా మెల్లగా నడిచే దారే. పెద్దవాళ్లు ఎక్కలేకపోతే వాళ్లను ఆటోలోనే గుడి దగ్గరికి పంపొచ్చు. నరసింహుడు ఒకే బండలో చెక్కిన 6.7 మీటర్ల విగ్రహం. 1528లో రాయలు చెక్కించాడు. ఏడు పడగల ఆదిశేషుడు పైన నీడ పడుతుంటాడు. ఉగ్రనరసింహుడని అంతా పిలుస్తారు గానీ నిజానికి ఇది లక్ష్మీనరసింహం. తొడమీది అమ్మవారిని పగలగొట్టారు. ఆమె చెయ్యి మాత్రం స్వామి వీపును చుట్టి అలాగే మిగిలిపోయింది. ఆ చెయ్యి తెలిసిన తర్వాత ఎదుటి ముఖం వేరేగా కనిపిస్తుంది. పక్కనే మూడు మీటర్ల బడవిలింగం. కాలువ నీరు పారుతూ ఉండడం వల్ల దాని పాదం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది.

కాస్త ముందుకు నడిస్తే కృష్ణుడి గుడి. ఇది మన నెల్లూరు జిల్లాతో ముడిపడిన గుడి. ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్న రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడు. శాసనం 1515 నాటిది. గర్భగుడి ఇప్పుడు ఖాళీ. ఆ విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి కోట చూసినవాళ్లు ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ నిలబడతారు.

తర్వాత ఇద్దరు గణపతులు. ఆవగింజ వినాయకుడు 2.4 మీటర్లు, శనగగింజ వినాయకుడు 4.5 మీటర్లు. కన్నడంలో ససివెకాళు, కడలెకాళు. ఆవగింజ వినాయకుడి వెనక్కి తప్పకుండా వెళ్లండి. వెనక నుంచి చూస్తే ఒక స్త్రీ వీపు, జడ కనిపిస్తాయి. పార్వతి ఒడిలో కూర్చున్న బిడ్డ అన్నమాట. ముందు నుంచి దండం పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లకు ఆ తల్లి కనిపించదు.

అయిదింటికల్లా హేమకూటం పైకి చేరాలి. ఏటవాలు బండే గానీ ఎక్కడం కష్టం కాదు. విజయనగరానికి ముందునాటి చిన్న చిన్న శివాలయాలు మెట్లమెట్ల కప్పులతో అక్కడ గుంపుగా ఉన్నాయి. పడమట సూర్యాస్తమయం, ఉత్తరాన గోపురం. కోతులతో జాగ్రత్త. అవి మనుషుల్ని కాదు, ప్లాస్టిక్ కవరు చప్పుడును వెంబడిస్తాయి. తిండి ఏదైనా గుడ్డసంచిలో, జిప్పు వేసి ఉండాలి. పొద్దు వాలాక కొండ మీద దీపాలుండవు. టార్చి అప్పుడు పనికొస్తుంది.

రెండో రోజు: ఒకే టికెట్, మూడు చోట్లు

విఠల గుడి, అంతఃపుర ప్రాకారం, కమలాపురం మ్యూజియం మూడింటికీ ఒకే టికెట్. మనిషికి 40 రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. కొన్న రోజుకే చెల్లుతుంది. ఒకటి ఇవాళ, రెండోది రేపు అనుకుంటే మళ్లీ కొనాలి. అందుకే ఈ మూడూ ఒకే రోజు పెట్టుకోవాలి. ఆ కాగితం సాయంత్రం దాకా ఇంటి పెద్ద జేబులో భద్రంగా ఉండాలి. పారేసుకునేది ఎక్కువగా మధ్యాహ్న భోజనం దగ్గరే.

విఠల గుడి ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు. ఆ వేళకు వాహనాల స్టాండు దగ్గర ఉండండి. అక్కడి నుంచి కిలోమీటరు దూరం బ్యాటరీ బండిలో వెళ్లాలి, లేదా నడవాలి. తొమ్మిదిన్నర దాటితే బండి కోసం వరస పెరిగిపోతుంది. నడిచే ఓపిక ఉన్నవాళ్లకు దారి పక్కన పాత అంగడి వీధి రాతి స్తంభాలు, కోనేరు దగ్గరగా కనిపిస్తాయి. చెట్టు నీడ దాదాపు ఉండదు.

లోపలికెళ్లగానే 2017 నుంచి వస్తున్న నీలం రంగు 50 రూపాయల నోటును పిల్లల చేతికివ్వండి. నోటు వెనక ఉన్నది ఈ రథమే. బొమ్మను ఏ మూల నుంచి గీశారో వాళ్లే వెతికి పట్టుకుంటారు. ఫోటోకోసం ఆ మూలలో ఎలాగూ చిన్న గుంపు ఉంటుంది.

రథాన్ని దగ్గరగా చూడాల్సిన తీరు ఒకటుంది. ఇది దేవుణ్ని ఊరేగించే రథం కాదు, స్వామికి ఎదురుగా ఉన్న గరుత్మంతుడి గుడి. ముందున్న ఏనుగుల్ని చూసి ఇది గజరథమనుకుంటారు. ఏనుగుల వెనక్కి వంగి చూడండి. గుర్రాల తోకలు, వెనక కాళ్లు రాతిలో ఇంకా ఉన్నాయి. ముందు గుర్రాలుండేవి, ఏనుగుల్ని తర్వాత తెచ్చి పెట్టారు. రథం పైభాగం కూడా ఇప్పుడున్నట్టు బోడిగా ఉండేది కాదు. అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో తీసిన ఫోటోల్లో పైన ఇటుకల శిఖరం స్పష్టంగా ఉంది. తర్వాత దాన్ని తీసేశారు.

సరిగమలు పలికే స్తంభాలు మహామండపంలో 56 ఉన్నాయి. వాటిని కొట్టి చూపించమని గైడ్లను వేధించకండి. తరాల తరబడి జనం కొట్టి కొట్టి రాయి దెబ్బతింది కాబట్టే తాకడం నిషేధించారు. ఒక లావు స్తంభం చుట్టూ సన్నటి స్తంభాల్ని అదే రాతిలోంచి విడదీసి చెక్కడం అసలు పనితనం. అది చూడ్డానికి చెయ్యి అక్కర్లేదు, కళ్లు చాలు. ఈ గుడిలో మూలవిరాట్టు లేడు, పూజ లేదు. కొబ్బరికాయతో వచ్చే పెద్దవాళ్లకు ముందే చెప్పండి, అక్కడికెళ్లాక మనసు కష్టపెట్టుకోకుండా.

బయటికొచ్చి నది వైపు కొంచెం నడిస్తే రాజు తులాభారం తూగిన రాతి తోరణం, దిగువన పురందర మండపం, నదిలో వరసగా నిలబడ్డ పాత వంతెన రాతి స్తంభాలు కనిపిస్తాయి. పదకొండున్నరకు వెనక్కి తిరగండి.

మిట్టమధ్యాహ్నం మ్యూజియానికి. నీడ, ఫ్యాన్లు, కూర్చునే చోటు. ప్రవేశం దగ్గర రాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడి ఉంటారు. తిరుమల గుడిలో మనం చూసే విగ్రహాలకు నకలు అవి. నడిమి ప్రాంగణంలో హంపి కొండలు, నది, గుళ్లు మొత్తం నమూనాగా పరిచి ఉంది. పావుగంట దాని చుట్టూ తిరగండి. నిన్న నడిచిన హేమకూటం, పొద్దున చూసిన విఠల గుడి, ఇప్పుడు వెళ్లబోయే రాజప్రాసాదాలు ఎవరికి వాళ్లే వేలు పెట్టి చూపించుకోగలుగుతారు. ఉత్తరాన నది, దాని ఒడ్డున గుళ్లు, మధ్యలో కాలువ పారే పొలాలు, దక్షిణాన రాజు ఉండే చోటు. ఈ అమరిక బుర్రకెక్కితే హంపి మొత్తం అర్థమవుతుంది. మధ్యలో ఉన్న ఆ అరటితోటలకు ఈనాటికీ నీళ్లిచ్చేది విజయనగర రాజులు తవ్వించిన తుర్తు కాలువే.

కమలాపురంలో జొన్నరొట్టె, గుత్తివంకాయ, వేరుశనగ పొడితో భోజనం చేసి, మూడింటికి అంతఃపుర ప్రాకారం. సాయంత్రం మూసేది ఇదే ముందు, అందుకే ముందు ఇక్కడికే రావాలి. కమల మహల్, పదకొండు గదుల గజశాల అందరూ చూసేవే. గజశాల గుమ్మటాలను వరసగా గమనించండి. నడిమి గదికి అటూ ఇటూ జంటలుగా రూపాలు మారుతుంటాయి.

తర్వాత హజార రామాలయం. హిందీ హజార్ లాగా వెయ్యి రాముళ్లున్నారని కాదు ఆ పేరు. రాజభవనపు ముఖశాలను పాత తెలుగులో హజారం అనేవారు, పేరు దాన్నుంచే వచ్చిందని పండితుల మాట. గుడి గోడ మీద మూడు వరసల్లో రామాయణం చెక్కి ఉంది. పుత్రకామేష్టి, తాటక వధ, విల్లు విరవడం, బంగారు లేడి, ఏడు చెట్లను ఒకే బాణంతో కొట్టడం. తాతలు, అమ్మమ్మలు కథ చెబుతుంటే పిల్లలు బొమ్మలు వెతకాలి. చుట్టూ తిరిగితే గానీ కథ పూర్తికాదు. గైడ్ అవసరం లేని చోటు ఇదొక్కటే. ప్రహరీ బయటి వైపు ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యకత్తెలు వరసకు వరస ఊరేగుతుంటారు. లోపల నల్లరాతి స్తంభాలు నాలుగు నిగనిగలాడుతుంటాయి.

చివరగా మహానవమి దిబ్బ, దాని చుట్టుపక్కల ప్రాంగణం. తెలుగువాళ్లు ఇక్కడ భువనవిజయం ఎక్కడని అడుగుతారు. ఆ పేరుతో నిలబడి ఉన్న సభ ఏదీ లేదు. వంద స్తంభాల కొలువుకూటానికి మిగిలింది నేల మాత్రమే. స్తంభాలు కట్టెవి. 1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధం ఓడిపోయాక పట్నాన్ని తగలబెడితే కట్టె కాలింది, రాతి పునాది మిగిలింది. ఆ పునాది మీద కట్టె స్తంభాలు దిగిన చోట చదరపు గుంటలు వరసగా ఉన్నాయి. ఆ గుంటల మధ్య నిలబడి పైకప్పును మనసులో కట్టుకోవాలి. మహానవమి దిబ్బ మీద జరిగిన నవరాత్రి ఉత్సవాన్ని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో కళ్లారా చూసి రాశాడు.

దిబ్బ దగ్గరే నల్లరాతి మెట్ల కోనేరు. 1980ల తవ్వకాల్లో బయటపడింది. మూడు రోజుల్లో ఒక్కచోట మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సి వస్తే అది ఇదే. మెట్ల రాళ్ల మీద సన్నటి గీతలతో గుర్తులున్నాయి. ఏ దిక్కు, ఎన్నో వరస, అందులో ఎన్నో రాయి అని చెక్కేవాళ్లు ముందే వేసుకున్న లెక్క. రాళ్లను వేరేచోట చెక్కి, తెచ్చి, ఇక్కడ పేర్చారన్నమాట. కోనేట్లోకి నీళ్లు తెచ్చిన రాతి దోనె స్తంభాల మీద ఇంకా నిలిచే ఉంది. తిరిగొచ్చే దారిలో భోజనశాల దగ్గర ఆటో ఆపించండి. నీటి కాలువకు అటూ ఇటూ రాతి పలకల్లో విస్తళ్లు చెక్కి ఉన్నాయి. అన్నానికొక పెద్ద పల్లం, కూరలకు చిన్న గుంటలు. పిల్లలు ఎదురెదురుగా కూర్చుని చూస్తే చాలు, ఏది దేనికో చెప్పేస్తారు.

మూడో రోజు: నది అవతల

తెల్లవారుజామున అయిదింటికల్లా బయల్దేరాలి. అంజనాద్రికి 575 మెట్లు. హనుమంతుడు పుట్టిన చోటని ఇక్కడివారి నమ్మకం. తిరుమలలో అంజనాద్రి పేరు విన్నవాళ్లు ఎవరి నమ్మకంతో వాళ్లు దండం పెట్టుకుంటారు. హంపి రేవులో పడవలు అంత పొద్దున్నే తిరగవు. అందుకని బుక్కసాగరం వంతెన మీదుగా కారులోగానీ ఆటోలోగానీ చుట్టి రావాలి. ముందురోజు రాత్రే డ్రైవరుతో గంట, చోట్లు, ఆగి ఉండే సమయం అన్నీ కలిపి ఒకే రేటు మాట్లాడుకోండి. వెయిటింగ్ చార్జీ గొడవలన్నీ ముందు మాట్లాడుకోకపోవడం వల్లే.

మామూలు నడకలో పైకి అరగంట, ముప్పావుగంట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కొద్దు, దిగేటప్పుడే అసలు బాధ. పైన నిలబడితే తుంగభద్ర మలుపులు, వరిమళ్లు, అవతలి గట్టున విఠల గుడి. నిన్న మ్యూజియంలో చూసిన నమూనా ఇక్కడ నిజంగా కాళ్ల కింద పరుచుకుంటుంది. చేతిలో అరటిపండ్లు ఉంటే కోతులు లాక్కుంటాయి. కళ్లద్దాలు కూడా.

దిగాక ఆనెగొందిలో పంపా సరోవరం, రంగనాథుడి గుడి, అరటినారతో బుట్టలు అల్లే ఆడవాళ్లు. హంపికంటే పాత ఊరిది. పదకొండింటికల్లా పూర్తవుతుంది. పుట్టి ఎక్కాలనుకుంటే నీళ్లు నిదానంగా ఉన్నప్పుడే, లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి. నదిలో దిగి ఈత మాత్రం వద్దు. బండల మధ్య సుడులుంటాయి, మొసళ్లున్నాయని బోర్డులు పెట్టింది ఊరికే కాదు.

రాత్రి రైలుకు ముందు చేతిలో ఉండే మూడు గంటలకు తుంగభద్ర డ్యామ్ సరిపోతుంది. హొసపేటె ఊరి అంచునే ఉంటుంది. 1953లో పూర్తయింది. 33 గేట్లు. 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు అనంతపురం, కర్నూలు రైతులు కంటి మీద కునుకు లేకుండా గడిపింది ఈ నీళ్ల కోసమే. హెచ్చెల్సీ అని సీమలో అందరూ పిలిచే ఎగువ కాలువ ఇక్కడి నుంచే మొదలవుతుంది. దిగువ తోటలో పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్లు బెంచీ మీద కాళ్లు చాపుకోవచ్చు. సంగీత ఫౌంటెన్ చీకటి పడ్డాకే మొదలవుతుంది కాబట్టి రైలు వేళ చూసుకుని ఆగండి. స్టేషన్‌కు ఆటోలో ఇరవై నిమిషాలు చాలు. రైల్లో తినడానికి మండక్కి (మరమరాలు), మిరపకాయ బజ్జీలు ఊళ్లోనే కట్టించుకోండి.